గట్టు మీద బండి, బురద లెక్క

మోటోక్రాస్ పందేల బండికి కంపెనీ ఇచ్చే మాన్యువల్‌లో కిలోమీటర్ల ఊసు పెద్దగా ఉండదు. హోండా సీఆర్‌ఎఫ్ 250ఆర్ లాంటి బండి ఎన్ని గంటలు నడిచింది, ఎన్ని పందేలు ఆడింది అన్నదే అక్కడ లెక్క. ఇన్ని గంటలకు ఆయిలు, ఇన్ని గంటలకు పిస్టన్, రింగులు అని పట్టిక వేసి ఇస్తారు. ఎయిర్ ఫిల్టర్‌కైతే గంటల దాకా కూడా ఆగరు, మట్టిలోంచి బయటికొచ్చిన ప్రతిసారీ తీసి కడుగుతారు. ఆ బండికి నంబరు ప్లేటు ఉండదు, రోడ్డెక్కే హక్కూ ఉండదు. మైదానంలో కాసేపు ఎగిరి దూకి, వ్యానెక్కి ఇంటికి పోతుంది.

నాగాయలంక దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద తిరిగే వంద సీసీ బండికి ఆ వైభోగం లేదు. వెనక సీటు మీద మేత బస్తాలు రెండు, ముందు ట్యాంకు మీద ఇంకోటి. కింద జిగురు మట్టి, పక్కన ఉప్పునీళ్లు, పైన సముద్రపు గాలి. ఇల్లు, చెరువు, మేత కొట్టు అన్నీ కలిపినా రోజుకు 15 కిలోమీటర్లు దాటదనుకుందాం. ఆ లెక్కన 3,000 కిలోమీటర్ల సర్వీసు రావడానికి 200 రోజులు పడుతుంది. ఈలోగా వానాకాలం మొత్తం వెళ్లిపోతుంది. మీటరు చూస్తే కొత్త బండి, చైను చూస్తే ముసలి బండి.

కృష్ణా డెల్టాలో పొలానికీ చెరువుకీ తిరిగే బండి పేరుకే కమ్యూటర్. చేసే చాకిరీ డర్ట్ బైక్‌ది. సర్వీసు చార్టు మాత్రం బందరు రోడ్డు మీద ఆఫీసుకు వెళ్లొచ్చే బండికి రాసింది. ఈ రెంటికీ పొత్తు కుదరకే అరిగే భాగాలు ముందే అరుగుతున్నాయి, మార్చాల్సినవి ఆలస్యంగా మారుతున్నాయి. కంపెనీలకు ఈ సంగతి తెలియక కాదు. చార్టులో ఒక చుక్క గుర్తు పెట్టి, దుమ్ము, తడి ఎక్కువున్న చోట మరింత తరచుగా చూపించుకోండి అని అడుగున చిన్న అక్షరాల్లో రాస్తాయి. ఎంత తరచుగానో చెప్పవు. డెల్టాకు కావలసిన అసలు చార్టు ఆ చుక్క గుర్తు వెనక దాగి ఉంది.

ముందుగా పోయేది చైను. వంద, నూట పాతిక సీసీ బళ్లలో తరచుగా కనిపించే 428 సైజు చైనుకు ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం 12.7 మిల్లీమీటర్లు. దాని పొడవు పెరిగిందంటే ఇనప పలకలు సాగాయని కాదు. లోపల పిన్నూ, దాన్ని చుట్టుకున్న బుష్షూ ఒకదాన్నొకటి తినేశాయని. ఒక్కో లింకులో 0.1 మిల్లీమీటరు అరిగినా 100 లింకుల చైను సెంటీమీటరు పెరుగుతుంది. గట్టు మట్టి ఈ పనిని వేగిరం చేస్తుంది. చైనుకు పట్టిన ఆయిల్లో సన్న ఇసుక చేరాక అది కందెనగా మిగలదు, వాల్వులు నూరడానికి మెకానిక్కులు వాడే గ్రైండింగ్ పేస్టు అవుతుంది. అందుకే మట్టి తుడవకుండా ఎండిన చైను మీద పాత ఇంజినాయిలు పోసేస్తే సేవ చేసినట్టు కాదు. ముందు డీజిల్‌తోనో కిరోసిన్‌తోనో బ్రష్షు పెట్టి కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే లూబ్ పట్టించాలి. చైనులో రబ్బరు ఓ-రింగులున్న బండి అయితే పెట్రోలు, వైరు బ్రష్షు దగ్గరికి రానివ్వకూడదు.

అరిగిందో లేదో తెలుసుకోవడానికి ఏ మిషనూ అక్కర్లేదు. వెనక స్ప్రాకెట్ చివర చైనును రెండు వేళ్లతో పట్టి వెనక్కి లాగి చూడాలి. పన్ను సగం దాకా బయట పడిందంటే చైను పని అయిపోయినట్టే. స్ప్రాకెట్ పళ్లు నిటారుగా నిలబడకుండా ఒక పక్కకు వంగి కొక్కేల ఆకారానికి వచ్చినా అంతే.

ఇక్కడే షెడ్డులో బేరం మొదలవుతుంది.

"బాబాయ్, చైన్ కిట్ మార్చాల్సిందే."

"ఇంకో నెల లాగదంటావా? ఓ లింకు తీసి బిగించెయ్."

లింకు తీస్తే చైను బిగుసుకుంటుంది, నిజమే. కానీ మిగిలిన ప్రతి లింకూ పెరిగిన కొలతతోనే ఉంటుంది. ఆ కొలత స్ప్రాకెట్ పళ్ల మధ్య కుదరదు, తిరిగిన ప్రతి చుట్టుకూ పళ్లను గీరుతుంది. చైను ఒక్కటే కొత్తది వేసి పాత స్ప్రాకెట్లు ఉంచడమూ ఇలాంటి పొదుపే, పాత పళ్లు కొత్త చైనును తమ దారికి తెచ్చుకుంటాయి. చైను, ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ మూడూ ఒకే కిట్‌గా అమ్మేది కంపెనీ లాభానికేనని అనుమానించేవాళ్లుంటారు. ఈ ఒక్క విషయంలో కంపెనీ మాట నమ్మవచ్చు.

బండికి నిండుగా ఉండే చైన్ కవరు గురించి ఒక మాట. షోకు కోసం దాన్ని తీయించేసే కుర్రకారు విజయవాడలోనే కాదు, కంకిపాడు, ఉయ్యూరు దాటాక కూడా కనిపిస్తారు. సినిమా హీరో బండికి కవరు ఉండదు కదా అని. ఆ హీరో ఆ బండితో దమ్ము చేసిన చేలో దిగడు.

చైను కళ్లముందే అరుగుతుంది. బేరింగు అలా కాదు, లోలోపల పోతుంది. చెరువు గట్టు నుంచి వచ్చిన బండిని నేరుగా వాటర్ సర్వీసింగుకు తోలుకెళ్లి, గన్ను పెట్టి చక్రం మధ్యలోకి కొట్టిస్తారు. బయటి మట్టి పోయి బండి తళతళలాడుతుంది. ఆ ఒత్తిడికి నీళ్లు, వాటితో పాటు సన్న ఇసుక సీలు దాటి లోపలికి పోతాయి. గ్రీజు కొట్టుకుపోతుంది. ఉప్పునీటి చెరువుల వైపైతే తుప్పు వేరే చెప్పనక్కర్లేదు. కొన్ని వారాలకు ముందు చక్రం గుర్రుమంటుంది, హ్యాండిలు వణుకుతుంది. అప్పుడు టైరు మీద అనుమానం, రోడ్డు మీద కోపం.

బేరింగు మార్పిడిలో సామాన్యుడికి దక్కిన ఒక గొప్ప సదుపాయం ఉంది. దాని మీద చెక్కిన నంబరు ఏ ఒక్క బండి కంపెనీ సొత్తూ కాదు. 6301 అంటే లోపలి రంధ్రం 12 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 37, మందం 12. విజయవాడలో కొన్నా, జపాన్‌లో కొన్నా అదే కొలత. నంబరు చివర 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీళ్లున్నాయని అర్థం. బురదలో తిరిగే బండికి అలాంటిదే అడిగి వేయించుకోవాలి. పాత బేరింగు చేతిలో పట్టుకుని పేరున్న బేరింగుల కంపెనీ సరుకు అమ్మే కొట్టుకు వెళ్తే చాలు, బండి పేరు కూడా చెప్పనక్కర్లేదు. మిగతా విడిభాగాలకు కూడా ఈ పద్ధతి ఉంటే ఎంత బాగుండేదో.

బ్రేక్ షూల సంగతి తేలిక. డ్రమ్ము మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు అది గీత దాటితే షూలు మార్చాలి. గీత దాటకపోయినా నాట్ల కాలంలో ఒకసారి డ్రమ్ము విప్పించి లోపల పేరుకున్న మట్టి దులిపించడం మంచిది, లేకపోతే షూతో పాటు డ్రమ్ము కూడా గాట్లు పడుతుంది.

బురద సంగతి ఇలా ఉంటే, విజయవాడకు ఎగువన దుమ్ము సంగతి వేరు. ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం బూడిద లారీలు, దొనబండలో రాళ్ల క్రషర్లు, నదిలో ఇసుక ట్రాక్టర్లు. ఆ దారుల్లో రోజూ తిరిగే బండి ఊపిరి పీల్చేది ఎయిర్ ఫిల్టర్‌తోనే. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ సిలిండరు గోడకున్న పోత ఇనుము కంటే గట్టిది. ఫిల్టర్ దాటి పోయిన చిటికెడు చాలు, రింగులను, బోరును గీరేస్తుంది. కొన్నాళ్లకు సైలెన్సర్ నుంచి నీలం పొగ, ఆయిలు తరుగుదల. "ఇంజిను బోరుకొచ్చింది" అని మెకానిక్కు చెప్పేనాటికి వేల రూపాయల పని.

ఇక్కడ షెడ్డుల్లో పాతుకుపోయిన ఒక అలవాటు ఉంది. ఫిల్టర్ తీసి, కంప్రెసర్‌తో గాలి కొట్టి, మళ్లీ పెట్టేయడం. పొడి కాగితం ఫిల్టర్‌కైతే కొంత పనికొస్తుంది. ఇప్పుడు చాలా కమ్యూటర్ బళ్లకు వస్తున్నది జిగురు నూనె పట్టించిన కాగితం ఫిల్టర్. దాన్ని కడగకూడదు, గాలి కొట్టకూడదు, కాలం తీరితే మార్చేయాలి. మాన్యువల్‌లో ఇది స్పష్టంగానే ఉంటుంది. ఆ మాన్యువల్ సీటు కింద పాలిథిన్ సంచిలో సీలు కూడా విప్పకుండా ఉంటుంది.

బండి బురదలో తిరగడం ఒకటి, బురదే బండిని వెతుక్కుంటూ ఇంటికి రావడం ఒకటి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానకు బుడమేరు వాగుకు గండ్లు పడి, విజయవాడలో అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట నీట మునిగాయి. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇళ్ల ముందు నిలబెట్టిన బళ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. నీళ్లు తీశాక ప్రభుత్వం ప్రకటించిన సాయంలో దెబ్బతిన్న ద్విచక్ర వాహనానికి 3,000 రూపాయలు, ఆటోకు 10,000.

మూడు వేలు చిన్న మొత్తమేమీ కాదు, బండిని వెంటనే స్టార్ట్ చేయనివాడికి. తేడా అంతా అక్కడే వచ్చింది. మునిగిన బండి సిలిండరులో నీళ్లుంటాయి. గాలిని అదిమినట్టు నీళ్లను అదమలేం. ఆత్రంగా కిక్కు కొట్టినా, సెల్ఫ్ నొక్కినా పిస్టన్ పైకొచ్చి నీళ్లకు తగిలి ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అలా కాక ముందు బ్యాటరీ వైరు పీకి, స్పార్క్ ప్లగ్ విప్పి నీళ్లు బయటికి పోనిచ్చి, పాలు కలిసినట్టు తెల్లబడిన ఇంజినాయిలు దించేసి, పెట్రోలు ట్యాంకు ఖాళీ చేసి, కొత్త ఆయిలు పోసి కాసేపు నడిపించి ఆ ఆయిలు కూడా మళ్లీ మార్చేస్తే చాలా ఇంజిన్లు బతుకుతాయి. ఆ తర్వాత వరసగా ఎయిర్ ఫిల్టర్, బ్రేక్ షూలు, చక్రాల బేరింగులు, స్టీరింగు దగ్గరి కోన్ సెట్. ఇవన్నీ కొత్తవి వేయాల్సిందే, ఆరబెట్టి గ్రీజు పూసి సరిపెట్టుకుంటే ఆరు నెలల్లో ఒక్కొక్కటే తిరగబడతాయి.

సాయం డబ్బుతో పాటు ఈ నాలుగు ముక్కలు తెలుగులో అచ్చేసి, ఆహారం పొట్లాలతో కలిపి పంచి ఉంటే ఎన్నో బళ్ల ఇంజిన్లు విప్పాల్సిన పని తప్పేది. బుడమేరు మళ్లీ పొంగదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు కాబట్టి ఆ కాగితం ఇప్పుడైనా సిద్ధం చేసి పెట్టుకోవచ్చు. బీమా సంగతి కూడా అందులో రాయాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి అయిదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. దాన్ని చూసుకుని చాలామంది అయిదేళ్లూ ధీమాగా ఉంటారు. వరద నష్టం అందులోకి రాదు. సొంత బండి నష్టానికి వేరే పాలసీ ఉండాలి. అది ఉన్నా, మునిగిన బండిని స్టార్ట్ చేసి ఇంజిను చెడగొట్టుకుంటే బీమా కంపెనీ మెలిక పెట్టే వీలుంది.

ఇంత బురద, ఇంత దుమ్ము, ఇన్ని వరదలు చూసిన ఊరికి బాగుచేసే విద్య కూడా అబ్బింది. 1966లో మొదలైన జవహర్ ఆటోనగర్‌ను ఆసియాలోనే పెద్ద ఆటోమొబైల్ కేంద్రాల్లో ఒకటని బెజవాడ గొప్పగా చెప్పుకుంటుంది. 2014లో దేవా కట్టా తీసిన సినిమాకు పేరే 'ఆటోనగర్ సూర్య'. అక్కడ ప్రధానంగా లారీలు, బస్సుల పని జరిగినా, ఆ లేత్ మిషన్ల విద్య బైకు షెడ్డుల దాకా పాకింది. గాట్లు పడ్డ డ్రమ్ము లేత్ మీద కోయించడం, వెనక ఫోర్కుకు కొత్త బుష్ తిప్పించడం, అరిగిన సిలిండరును 0.25, 0.50 మిల్లీమీటర్ల చొప్పున పెద్దది చేసి ఓవర్‌సైజు పిస్టన్ వేయడం. పారేయడం కంటే బాగుచేయడం చౌక అన్న లెక్క మీద నిలబడ్డ విద్య ఇది.

ఆ లెక్క ఇప్పుడు గడ్డు స్థితిలో పడింది. కొన్ని కొత్త ఇంజిన్ల సిలిండర్లకు అల్యూమినియం మీద గట్టి పూత వేసి పంపుతున్నారు. పందేల డర్ట్ బైకులకూ అంతే. వాటిని మామూలుగా బోరు కొట్టడం కుదరదు, బ్లాకు మొత్తం మార్చాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చాక చాలా బళ్లకు కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సర్లు వచ్చాయి. ఏ సెన్సర్ పోయిందో చెప్పే స్కానర్ కంపెనీ షోరూములో ఉంటుంది, గుడ్లవల్లేరు సెంటర్లోని చెట్టు కింద షెడ్డులో ఉండదు. కార్ల విషయంలో ఇదే తగువు ఎప్పుడో మొదలైంది. విడిభాగాలు, రిపేరు సమాచారం బయటి మెకానిక్కులకు దక్కనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. 2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది, వాహనాలూ అందులో ఉన్నాయి. పోర్టల్‌లో మాన్యువల్ పెట్టినంత మాత్రాన షెడ్డు కుర్రాడి చేతికి స్కానర్ రాదు. ఊళ్లో ఉన్న డీలరు నెలకోరోజు బయటి మెకానిక్కులకు తలుపు తీసి ఈ విద్య నేర్పితే తన గిరాకీ పోతుందని భయపడుతున్నాడు. ఆ భయంలో పస లేదు. కంపెనీ చైన్ కిట్లూ ఫిల్టర్లూ కొని బళ్లకు బిగించేది ఆ షెడ్డువాళ్లే.

డూప్లికేట్ల గొడవ కూడా ఇక్కడి నుంచే పుడుతుంది. అసలు సరుకు ఎక్కడ దొరుకుతుందో, ఎంతో తెలియని చోట కంపెనీ డబ్బాలో పెట్టిన నకిలీ బ్రేక్ షూకు మంచి చోటు. పాత భాగం మార్చాక కంపెనీ డబ్బాను షెడ్డులో వదిలేయకుండా చింపెయ్యాలి, ఖాళీ డబ్బాలో మళ్లీ ఏం చేరుతుందో చెప్పలేం. ధర విషయంలో ఈమధ్య కొంత వెసులుబాటు దొరికింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. ఆ తగ్గింపు కొనేవాడి దాకా వచ్చిందో లేదో బిల్లు అడిగితేనే తెలుస్తుంది. షెడ్డులో బిల్లు అడిగే అలవాటు మనకు లేదు.

ఇదంతా విని, బండి వాడేవాడిదే తప్పని తీర్పు చెప్పేయడం అన్యాయం. కూలి పనికి బండి మీద వెళ్లేవాడికి బండి షెడ్డులో ఉన్న రోజు కూలి ఉండదు. చైన్ కిట్ ఖరీదుకు ఆ రోజు కూలి కూడా కలిపి లెక్క వేసుకుంటాడు, అందుకే "ఇంకో నెల" అంటాడు. చేతిలో డబ్బు ఆడే కాలం అతనికి నెలనెలా రాదు. కోతలకు వస్తుంది, చెరువు పట్టుబడికి వస్తుంది.

చార్టు కూడా అక్కడికే జరగాలి. సార్వాలో జులై, ఆగస్టు నాట్లు ముగిశాక బండిలో బురద నిండి ఉంటుంది. అప్పుడు చైను, డ్రమ్ములు, బేరింగులు చూడాలి. నవంబరు, డిసెంబరు కోతలు అయ్యాక దుమ్ము నిండి ఉంటుంది, డబ్బూ ఉంటుంది. అప్పుడు ఎయిర్ ఫిల్టర్, ఆయిలు, పెద్ద ఖర్చుల మార్పిడి. వెనామీ చెరువుల వాళ్లకు మూడు నాలుగు నెలలకోసారి పట్టుబడి వస్తుంది. ప్రతి పట్టుబడి తర్వాత ఒకసారి ఉప్పు తగిలిన ప్రతి బోల్టూ, ప్రతి సీలూ చూపించుకోవాలి. మోటోక్రాస్ వాళ్లు గంటల్లో కొలిచేదాన్ని డెల్టా పంటల్లో కొలుచుకుంటుంది.

కంపెనీ చార్టులో ఇప్పటికే ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని రోజులు, ఏది ముందైతే అది అని ఉంటుంది. ఫ్రీ సర్వీసు కూపన్లు ఉన్నన్నాళ్లూ రోజుల లెక్క అందరికీ గుర్తుంటుంది, అవి అయిపోయాక కిలోమీటర్లే మిగులుతాయి. ఆ రెంటి పక్కన నాట్లు, కోతలు, పట్టుబడి అని మూడు గళ్లు గీసి, ఏ గడిలో ఏ భాగం విప్పి చూడాలో రాసిన ఒక్క పేజీ చాలు. గుడివాడ, అవనిగడ్డ, కైకలూరు డీలర్లు దాన్ని షోరూము గోడకు అంటించి, ఓ కట్ట పక్కనున్న షెడ్డులకు పంచడానికి హెడ్డాఫీసు అనుమతి కూడా అక్కర్లేదు. కాలవలకు నీళ్లు వదిలేలోపు అచ్చయితే ఈ సార్వాకే పనికొస్తుంది.